ఆరు అరలు, ఐదు తూటాలు

ఉద్యోగరీత్యా యంత్రాల మధ్య ముప్ఫై ఏళ్ళు గడిపినవారికి ఎక్కడికి వెళ్ళినా యంత్రమే ముందుగా కంటపడుతుంది. మా రెండవ అమ్మాయి అమెరికాలోని డల్లాస్ నగర శివారులో నివసిస్తున్నది. గత శీతకాలంలో మేము సతీసమేతంగా అక్కడ కొన్ని వారాలు గడిపాము. పక్కింటి పెద్దాయన డెబ్బై దాటినవాడు, టూల్‌రూమ్ మెషినిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడు. మేము కూడ యంత్రశాల మనిషిమేనని తెలిసిన క్షణం నుండి ఆయనకు, మాకు మాటలు కలిశాయి. ఆయన షెడ్డులోని పాత లేత్ యంత్రం పక్కన కూర్చుని కాఫీ త్రాగుతూ గేర్ల గురించి, టాలరెన్సుల గురించి చెప్పుకోవడమే మాకు అక్కడ లభించిన ప్రధాన వినోదం.

ఒకనాడు ఆయన మా ముందు ఒక సమస్య పెట్టారు. ఆయన మనవరాలు నర్సు ఉద్యోగంలో చేరింది. లక్ష్యంపై గురిచూసి కాల్చే క్రీడ అంటే ఆమెకు ఆసక్తి. ఆమెకు ఒక సింగిల్ యాక్షన్ రివాల్వరు కానుకగా ఇవ్వాలని ఆయన కోరిక. పెట్టదలచిన ఖర్చు మూడు వందల డాలర్లకు మించదు. ఆయన ముందు రెండు మార్గాలున్నవి. ఒకటి, తన తండ్రి 1961లో కొని తనకు ఇచ్చిన పాత రివాల్వరును మెరుగుపరచి ఇవ్వడం. రెండవది, చవకలో క్రొత్తది కొని, దానిని ఆమె చేతికి అనువుగా తీర్చిదిద్దడం. "ఇంజనీరుగా మీరేమంటారు?" అని అడిగారు.

మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఎవరూ తుపాకి కలిగి ఉండరాదు. తుపాకిని మరమ్మతు చేయడానికి, మార్పులు చేయడానికి కూడ ఆ వ్యాపారానికి వేరే లైసెన్సు పొందినవారే అర్హులు. కనుక ఈ వ్యాసాన్ని కొనుగోలు సలహాగా భావించవద్దని మనవి. ఒక చిన్న యంత్రం నూట యాభై ఏళ్ళలో నేర్చిన పాఠాన్ని మన సంస్థ కుటుంబసభ్యులతో పంచుకోవడమే మా ఉద్దేశం.

యంత్రం ఎలా పనిచేస్తుంది?

రివాల్వరులో తూటాలు గుండ్రని చక్రంలోని అరలలో ఉంటాయి. దానినే సిలిండరు అంటారు. సాధారణంగా అరలు ఆరు. అనగా ఒక్కొక్క అరకు మధ్య 60 డిగ్రీల కోణం. 'సింగిల్ యాక్షన్' అనడంలో అర్థం, ట్రిగ్గరుకు ఒకే ఒక్క పని ఉన్నదని. వెనుకకు లాగి నిలిపిన సుత్తిని వదలడమే ఆ పని. సుత్తిని లాగడం మాత్రం బొటనవ్రేలు చేయవలసినదే. అట్లు లాగినప్పుడు లోపల ఒక చిన్న కొక్కెం సిలిండరు వెనుకనున్న పళ్ళచక్రాన్ని నెట్టి ఒక అర ముందుకు త్రిప్పుతుంది. సరిగా అర గొట్టానికి ఎదురుగా రాగానే క్రిందినుండి ఒక గడియ లేచి సిలిండరు గాడిలో పడి బిగిస్తుంది. మన ఇండెక్సింగ్ టేబుల్‌పై జరిగేది కూడ సరిగ్గా ఇదే. ఇందుకు భిన్నంగా 'డబుల్ యాక్షన్' రకంలో ట్రిగ్గరు లాగితేనే ఈ పనులన్నీ జరుగుతాయి. మన కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వర్లు ఆ రెండవ తరగతివి. ఆ కర్మాగారాలు 2021 అక్టోబరు 1 నుండి ప్రభుత్వ రంగ సంస్థలుగా మారినవి. ఆ విధంగా వారు మన వంటివారే.

సింగిల్ యాక్షన్ రివాల్వర్లకు ఆదర్శంగా నిలిచినది 1873లో అమెరికా సైన్యం స్వీకరించిన కోల్ట్ రివాల్వరు. సుత్తిని లాగుతుంటే అది నాలుగుసార్లు 'టిక్కు' మంటుంది. ఆ సంస్థ పేరులోని నాలుగు అక్షరాలనే అది పలుకుతున్నదని అక్కడివారు చమత్కరిస్తారు. రెండవ ప్రపంచ యుద్ధకాలానికి దాని తయారీ ఆగిపోయింది. 1950లలో టెలివిజన్‌లో పశువుల కాపరుల కథలు ప్రసారం కావడంతో గిరాకీ మళ్ళీ పుట్టి, 1956లో తయారీ తిరిగి మొదలైంది. కాని అది ఆనాడూ ఖరీదైనదే. ఈనాడు క్రొత్తది కొనాలంటే వేయి డాలర్లకు పైమాటే.

చవక ఎలా సాధ్యమైంది?

చవక రివాల్వరు అనగానే నాసిరకమని భావించడం సహజం. పెద్దాయన షెడ్డులో ఈ అభిప్రాయాన్ని మేము మార్చుకోవలసి వచ్చింది. 1949లో అలెగ్జాండర్ స్టర్మ్, విలియం రూగర్ అనే ఇద్దరు కనెక్టికట్ రాష్ట్రంలోని సౌత్‌పోర్టులో ఒక చిన్న సంస్థను స్థాపించారు. ఆ సంస్థ 1953లో 'సింగిల్ సిక్స్' అనే .22 రివాల్వరును 57 డాలర్ల 50 సెంట్లకు విపణిలోకి తెచ్చింది. పైకి చూస్తే కోల్ట్ వలెనే ఉంటుంది. లోపల మాత్రం రెండు మౌలికమైన మార్పులు ఉన్నవి.

మొదటిది స్ప్రింగులు. పాత రకంలో బల్లపరుపు పట్టీ స్ప్రింగులు ఉండేవి. పట్టీ వంగినప్పుడు ఒత్తిడి ఒకటి రెండు చోట్ల కేంద్రీకృతమవుతుంది. వేల సార్లు వంగిన పిమ్మట అక్కడే పగులు పుట్టి పుటుక్కున విరుగుతుంది. రూగర్ వీటి స్థానంలో సంగీత వాద్యాల తీగకు వాడే ఉక్కుతో చుట్టిన స్ప్రింగులను అమర్చారు. చుట్టలో ఒత్తిడి తీగ పొడవునా పరచుకుంటుంది కనుక ఆయుర్దాయం ఎన్నో రెట్లు పెరిగింది.

రెండవది చట్రం. ఉక్కు దిమ్మెను పోతపోసి, సాగగొట్టి, గంటలకొద్దీ మిల్లింగ్ చేసి చట్రం తీయడం పాత పద్ధతి. రూగర్ ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్ పద్ధతిని ఎంచుకున్నారు. మైనంతో నమూనా చేసి, దానిపై పింగాణి వంటి పూత పొరలు పొరలుగా వేసి, మైనాన్ని కరిగించి తీసివేసి, ఆ ఖాళీలో ఉక్కు పోస్తారు. బయటకు వచ్చిన ముక్క దాదాపు తుది కొలతలకు వచ్చి ఉంటుంది. యంత్రంపై తీయవలసినది స్వల్పం.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. ఆదిలాబాద్ జిల్లాలో ఓజ కళాకారులు మట్టి అచ్చుపై మైనపు తీగలు చుట్టి, ఇత్తడి పోసి చేసే డోక్రా బొమ్మలలోనిది ఇదే సూత్రం. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల విమాన ఇంజనులకు టర్బైన్ బ్లేడ్లను పోతపోయడంలోనూ మైనపు నమూనాదే మొదటి అడుగు. పెద్దాయనకు మా సెల్‌ఫోనులో డోక్రా ఏనుగు బొమ్మను చూపగా, ఆయన చాలసేపు దానినే చూసి, "మా సుత్తికి ఇది ముత్తాత అన్నమాట" అన్నారు.

లోపం ఎక్కడ?

ఇంత చక్కని యంత్రంలో ఒక పాత లోపం మిగిలిపోయింది. సుత్తి దించి ఉంచినప్పుడు దాని మొన, లేదా అది తాకే పిన్ను, ఎదురుగా ఉన్న తూటా అడుగుభాగాన్ని తాకుతూ ఉంటుంది. రివాల్వరు చేయి జారి సుత్తిపై పడితే ఎవరూ ట్రిగ్గరు ముట్టకుండానే ప్రేలవచ్చు. సుత్తిని కొద్దిగా ఎత్తి నిలిపే గాడి ఒకటి ఉన్నా, అది గట్టి దెబ్బకు తట్టుకోదు. కనుక అనుభవజ్ఞులు ఒక నియమం పెట్టుకున్నారు. ఆరు అరలున్నా ఐదు తూటాలే నింపాలి. సుత్తి ఖాళీ అరపై విశ్రమించాలి. ఒకటి నింపి, ఒకటి వదలి, నాలుగు నింపి, సుత్తిని పూర్తిగా లాగి దించితే ఖాళీ అర సరిగా సుత్తి క్రిందికి వస్తుంది.

1973లో రూగర్ సంస్థ తన రివాల్వర్లకు 'ట్రాన్స్‌ఫర్ బార్' అనే చిన్న ఉక్కు పలకను చేర్చింది. ఈ ఆలోచన అమెరికాలో 1890ల నాటి డబుల్ యాక్షన్ రివాల్వర్లలోనే ఉన్నది. సుత్తి ముఖంలో ఒక మెట్టు కోసి ఉంటుంది కాబట్టి, దిగిన సుత్తి చట్రానికి ఆనుకొని ఆగిపోతుందే కాని పిన్నును తాకదు. ట్రిగ్గరును వెనుకకు లాగి ఉంచినప్పుడు మాత్రమే ఈ పలక పైకి లేచి, సుత్తికి పిన్నుకు మధ్యనున్న ఖాళీని పూరించి, దెబ్బను అందిస్తుంది. వ్రేలు తీయగానే పలక క్రిందికి జారుతుంది. దీనితో ఆరు అరలూ నింపినా ప్రమాదం లేని నిర్మాణం ఏర్పడింది. పాత రకానికి చట్రం పక్కన మూడు స్క్రూలు కనిపిస్తాయి. క్రొత్త రకానికి రెండు పిన్నులు. గుర్తుపట్టడం సులభం.

పాత రివాల్వర్లు కలవారికి ఆ సంస్థ ఉచితంగా ఈ రక్షణను అమర్చి ఇస్తున్నది. తీసివేసిన అసలు భాగాలను కూడ యజమానికి తిరిగి పంపుతుంది.

పెద్దాయన పాత పెట్టె తెరచి తండ్రి ఇచ్చిన రివాల్వరును బల్లపై ఉంచారు. మూడు స్క్రూలు. "ఎందుకు మార్పించలేదు?" అని అడిగాము. "ట్రిగ్గరు పాడవుతుందని. ఇది ఎండుపుల్ల విరిగినట్లు తెగుతుంది. మార్పిస్తే ఆ హాయి ఉండదు. నేను ఐదే నింపుతాను. మా నాన్న నేర్పారు. ఇన్నేళ్ళుగా ఏమీ జరగలేదు" అన్నారు.

ఆ చివరి వాక్యం మాకు పరిచితమైనదే. అప్పటికి బదులు చెప్పక ఊరకున్నాము.

కొట్టులో పరీక్ష

మరునాడు ఆయనతో తుపాకుల దుకాణానికి వెళ్ళాము. సందర్శక వీసాపై వచ్చినవారు, కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి కలిగి ఉండరాదని అక్కడి సమాఖ్య చట్టం. కనుక మేము చేతులు వెనుకకు కట్టుకొని చూస్తూ నిలబడ్డాము. చూడడానికి చేతులు అవసరం లేదు.

తక్కువ ధరలో ఆయన ముందుకు మూడు రకాలు వచ్చాయి. ఒకటి, రూగర్ సంస్థ 2019లో 249 డాలర్ల ధర ప్రకటించి విడుదల చేసిన 'రాంగ్లర్'. ఇది .22 రకం, అల్యూమినియం మిశ్రలోహపు చట్రం, మెరుగుపెట్టిన ఉక్కుకు బదులు గట్టి పింగాణి పూత, ట్రాన్స్‌ఫర్ బార్ కలదు. రెండవది 'హెరిటేజ్ రఫ్ రైడర్'. ఇది ఇంకా చవక. పక్కన చేతితో త్రిప్పే రక్షణ మీట ఉంటుంది. మూడవది ఇటలీలో బ్రెషా ప్రాంతంలో కోల్ట్‌ను అనుకరించి తయారుచేసేవి. రూపం ముచ్చటైనదే కాని పెద్దాయన పెట్టుకున్న ధరకు అవి అందలేదు. సాధన చేసేవారికి .22 తూటాయే అన్నిటికంటె చవక కనుక ఆయన మొదటి రెండింటి వద్దనే ఆగారు.

ఆయన పరీక్షించిన తీరు మాకు తనిఖీ విభాగాన్ని గుర్తుకు తెచ్చింది. మొదట గొట్టాన్ని మనుషులు లేని వైపుకు త్రిప్పి, గేటు తెరచి, ఆరు అరలూ ఖాళీయేనని ఒక్కొక్కటిగా లెక్కించారు. దుకాణదారు అంతకుముందే చూపించినా మళ్ళీ లెక్కించారు. పిమ్మట అనుమతి తీసుకొని సుత్తిని మెల్లగా లాగుతూ, సుత్తి నిలిచేలోగా గడియ గాడిలో పడుతున్నదా అని ఆరు అరలకూ చూశారు. పడకపోతే అర గొట్టానికి సూటిగా రాదు; గుండు అంచును రాసుకొని పోతుంది. సుత్తిని లాగి ఉంచి, వెనుకనుండి బొటనవ్రేలితో గట్టిగా నెట్టారు, నిలకడగా ఉన్నది. సిలిండరును పక్కలకు, ముందు వెనుకలకు కదిపి ఆట ఎంతో గమనించారు. చివరకు జేబులోనుండి ఫీలర్ గేజ్ తీసి సిలిండరుకు గొట్టానికి మధ్యనున్న సందును కొలిచారు. 0.10 నుండి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉంటే మేలు. తక్కువైతే మసి పేరుకొని సిలిండరు బిగుసుకుంటుంది. ఎక్కువైతే వాయువు వృథాగా పోతుంది.

ఒకే రకానికి చెందిన మూడు రాంగ్లర్లను ఇట్లు చూసి, మూడవదానిని ఏరుకున్నారు. చవక వస్తువును కొనేటప్పుడు తయారీదారు మిగిల్చిన తనిఖీని కొనుగోలుదారు పూర్తిచేయాలని ఆయన సిద్ధాంతం.

తీర్చిదిద్దుట

ఇక అనువుగా మార్చుట. మొదటి పని పిడి. రాంగ్లర్‌కు సింగిల్ సిక్స్ కొలతల పిడి పలకలే సరిపోతాయి. ఆయన వాల్‌నట్ చెక్కతో రెండు పలకలు కోసి, మనవరాలి అరచేయి కొలతకు తగ్గట్లు సన్నగా రుద్ది, నూనె పట్టించారు. చెక్క ఖర్చు తప్ప మరేమీ లేదు. చేతికి నప్పే పిడి వల్ల కలిగే ప్రయోజనం మరే మార్పు వల్లనూ కలగదని ఆయన అన్నారు. రెంచి పట్టిన ప్రతి కార్మికుడికీ ఆ సంగతి తెలుసు.

రెండవది గురి. ఇటువంటి రివాల్వర్లలో వెనుక గాడి, ముందు పలక స్థిరంగా ఉంటాయి. స్క్రూ త్రిప్పి సవరించే వీలు లేదు. ఆయన కాల్పుల మైదానంలో 25 మీటర్ల దూరానికి కాల్చి చూడగా గుండ్లు గురికి సుమారు 60 మిల్లీమీటర్లు క్రిందుగా పడ్డాయి. ముందు పలకను తగ్గిస్తే గుండు పైకి వెళ్తుంది. ఎంత తగ్గించాలన్నది సరూప త్రిభుజాల లెక్క. రెండు గురిబిందువుల మధ్య దూరం 150 మిల్లీమీటర్లు అనుకుంటే, 60ని 150తో గుణించి 25,000తో భాగించాలి. జవాబు 0.36 మిల్లీమీటరు. తొమ్మిదవ తరగతి పిల్లలు కూడ చేయగల ఈ లెక్కను మేము కాగితంపై వేసి ఇచ్చాము. ఆయన మాత్రం 0.25 వద్దనే ఆకురాయి ఆపి, మళ్ళీ కాల్చి చూసి, తరువాతనే మిగిలినది తీశారు. తీసిన లోహాన్ని తిరిగి అతికించలేమన్నది టూల్‌రూమ్‌లో మొదటి పాఠం.

మూడవది ట్రిగ్గరు. ఇక్కడే చాలమంది దారి తప్పుతారు. సుత్తిని నడిపే స్ప్రింగును మెత్తనిదానితో మారిస్తే బొటనవ్రేలికి సుఖమే. కాని .22 తూటాలో మందు అంచులో ఉంటుంది. అది అంటుకోవాలంటే గట్టి దెబ్బ కావాలి. దెబ్బ చాలకపోతే ప్రేలదు. ప్రేలని తూటా అరలో ఉండిపోవడం మరొక ప్రమాదం. ఇక సుత్తి, ట్రిగ్గరు కలిసే కొనను రాతితో రుద్ది తేలిక చేసుకునేవారున్నారు. అక్కడ గట్టిపరచిన పొర చాల పలుచన. అది అరిగితే సుత్తి తనంతట తానే జారవచ్చు. ట్రాన్స్‌ఫర్ బార్ మందాన్ని తగ్గించినా, సుత్తి ముఖాన్ని అరగదీసినా యంత్రం పనిచేయకుండా పోవడమో, రక్షణ పోవడమో తప్పదు. పెద్దాయన లోపలి భాగాలపై ఉన్న చిన్న మొరులను శుభ్రపరచి, నూనె వేసి, మూసివేశారు.

అసలు ప్రశ్న

ఆ సాయంకాలం మేము ముందు దాచిన మాటను బయటపెట్టాము. సుమారు ఇరవై ఏళ్ళ క్రితం మేము పనిచేసిన ఒక కర్మాగారంలో హైడ్రాలిక్ ప్రెస్సు ఉండేది. ముందున్న జాలి తలుపు మూసుకుంటేనే ప్రెస్సు కదిలేటట్లు ఒక స్విచ్చి అమర్చి ఉండేది. తలుపు తీయడం, వేయడం ఆలస్యమని, ఆ యంత్రాన్ని ఏళ్ళ తరబడి నడిపిన నిపుణుడొకరు ఆ స్విచ్చిని తీగతో కట్టివేశారు. ఆయన ఎంతో జాగరూకులు. ఎన్నడూ చేయి తప్పుగా పెట్టలేదు. "ఇన్నేళ్ళుగా ఏమీ జరగలేదు" అని ఆయన కూడ అనేవారు. మేము ఆ తీగను చూశాము. లక్ష్యాలు, గడువులు మనసులో ఉండి చూడనట్లు ఊరుకున్నాము. ఆయన సెలవుపై వెళ్ళిన వారంలో ఆ స్థానంలో నిలబడిన కుర్రవాడికి ఆ తీగ సంగతి తెలియదు. రెండు వ్రేళ్ళు పోయాయి. విచారణ కాగితంపై మా సంతకం కూడ ఉన్నది.

"మీ జాగ్రత్త మీ జ్ఞాపకంలో ఉన్నది. రివాల్వరును కానుకగా ఇవ్వగలరు, జ్ఞాపకాన్ని ఇవ్వలేరు. మీ మనవరాలికి ఆరు అరలు కనిపిస్తాయి. ఆరో అర ఎందుకు ఖాళీగా ఉండాలో ఆ ఉక్కుపై ఎక్కడా వ్రాసి లేదు" అన్నాము.

ఆయన చాలసేపు మాట్లాడలేదు. రివాల్వరును పెట్టెలో ఉంచి మూత వేశారు. మా మాట కటువుగా తోచిందేమోనని మా శ్రీమతి మమ్మల్ని మందలించారు కూడ.

మేము స్వదేశానికి తిరిగి వచ్చిన రెండు నెలలకు అమ్మాయి ఫోను చేసింది. "నాన్నగారూ, పక్కింటి తాతగారు మీకొక కబురు చెప్పమన్నారు. పాతదానిని కర్మాగారానికి పంపి మార్పించారట. పాత సుత్తి, ట్రిగ్గరు చిన్న సంచిలో తిరిగి వచ్చాయట. ట్రిగ్గరు కొంచెం మొద్దుబారిందట గాని, ఇప్పుడు ఆరూ నింపవచ్చునట. రెండు రివాల్వర్లూ మనవరాలికే ఇచ్చారు" అని చెప్పింది.

ఒక యంత్రాన్ని మన చేతికి, మన కంటికి అనువుగా మార్చుకోవడంలో తప్పులేదు. అది నైపుణ్యానికి గౌరవమే. కాని దానిలోని రక్షణ భాగం మన సొంతం కాదు. అది మన తరువాత ఆ యంత్రం ముందు నిలబడబోయేవారిది. ఈ సంచిక మీ ఇంటికి చేరిన మరునాడు షిఫ్టుకు వెళ్ళినప్పుడు, మీ యంత్రంపై ఎక్కడైనా ఒక తీగముక్క, ఒక చెక్కపేడు, ఒక టేపు చుట్ట రక్షణ స్విచ్చిని కట్టి ఉంచిందేమో ఒక్కసారి చూడండి. కనబడితే, మేము ఆనాడు చేసినట్లు ఊరుకోకండి.